ఉత్తరపు గోడకు ఓరవాకిలి

ఈ సంగతి ముందే రాసి ఉండాల్సింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. ఆదోనికి దగ్గరి మెట్ట పల్లె మాది. బడి మా ఇంటి ముందు నిలబడితే కనిపించేది. బడి గంట వినపడగానే మా అమ్మ "పొద్దు అంత ఎక్కిందా!" అని నన్ను పత్తి చేలోకి తరిమేది. ఆ బడి వల్ల నాకు వచ్చిన చదువు అంతే. పెళ్ళయ్యాక ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోయాను. పత్తిలోంచి ఆకులూ పుల్లలూ దారపు పోగులూ ఏరడం నా పని. దుమ్ముకు దగ్గు పట్టుకుని మిల్లు మానేశాక, యాభై దాటిన వయసులో, మా పొదుపు సంఘానికి వచ్చే ఒక టీచరమ్మ మధ్యాహ్నాల పూట మా ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది.

అక్షరాలు వచ్చాక కూడా ఇది రాయాలని అనుకోలేదు. నోటితో చెబితేనే జనం నవ్వుతున్నారు కదా, మళ్ళీ రాయడం ఎందుకు అనుకున్నాను. ఇంతలో నా మొగుడు టీ అంగడి దగ్గర ఇదే కథను తన పద్ధతిలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన కథలో మా ఇంటికి వచ్చింది మిల్లు సూపర్‌వైజరు కాదు, జీపు నిండా పోలీసులు. గోడ మీది వాకిలిలోంచి చల్లటి గాలి కూడా వచ్చిందట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆ వాకిలిలోంచి ఏనుగు వచ్చేటట్టుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా ఇల్లు సొంతమే. ఒకప్పుడు అది పత్తి గిడ్డంగి. దాన్ని నిలువునా ముక్కలు చేసి అమ్మినప్పుడు మాకొక ముక్క వచ్చింది. పొడుగుకు పొడుగు ఉంది గానీ, వెడల్పు మాత్రం ఒక మంచం వేసి, దాని పక్కన ఒక మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేంత. వీధి వాకిలి దక్షిణానికి. అక్కడ నిలబడి చూస్తే ఉత్తరపు గోడ పక్క ఊళ్ళో ఉన్నట్టు ఉండేది. రెండు పక్కలా పక్కవాళ్ళ గోడలు. ఉత్తరపు గోడ మాదీ, వెనకున్న జిన్నింగు మిల్లుదీ ఒకటే. కిటికీ పెట్టుకుందామంటే ఏ గోడా మాకు ఒంటరిగా చెందింది కాదు. పైన బండల మిద్దె, అది చేతికి అందేంత ఎత్తు. నా మొగుడు మార్కెట్ యార్డులో హమాలీ. పొడుగు మనిషి. ఇంట్లో ఉన్నంతసేపూ మెడ వంచుకునే తిరిగేవాడు. వీధిలో పోయేవాళ్ళు చూసి, పెళ్ళానికి భయపడతాడు పాపం అనుకునేవాళ్ళు. నేను కాదనలేదు.

ఆయనకు ఒక అక్క ఉంది. నాకు వదిన. ఎమ్మిగనూరులో ఒక గది బాడుగకు తీసుకుని మగ్గం నేసుకుంటూ ఒంటరిగా ఉండేది. పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమెది గుంత మగ్గం. నేల తవ్వి, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేయాలి. ఒకరోజు గుంతలోంచి లేవబోయి మోకాలు పట్టు తప్పి అందులోనే కూలబడింది. మధ్యాహ్నం నూలు ఇవ్వడానికి వచ్చిన మనిషి చూసేదాకా అట్లాగే ఉంది.

సంగతి తెలిసి ఇద్దరమూ బస్సెక్కి పోయాం. మణికట్టు బుడ్డలా వాచి ఉంది.

"అరవకూడదా వదినా? పక్కనే ఇండ్లు ఉండాయి గదా," అన్నాను.

"అరిస్తే నలుగురొస్తారు. మాసిన సీర కట్టుకోని ఉంటిని. ఎట్ల పిలిసేది?"

నా మొగుడు "అక్కా, మా ఇంటికొచ్చెయ్. ఇంగ ఈడ ఒక్కదానివే వద్దు," అన్నాడు.

"వస్తా. మీ వాకిలి దిక్కు మార్సు, వస్తా."

ఈ మాట మాకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో మా వదినా, ఆమె భర్తా దక్షిణం వాకిలి ఉన్న ఇంట్లో బాడుగకు దిగారు. ఏడాది తిరగకముందే ఆయన పోయాడు. కామెర్లు అని డాక్టరు చెప్పాడు. వాకిలి అని మా వదిన చెప్పింది. ఆనాటి నుంచి దక్షిణం వాకిలి ఉన్న ఇంట్లోకి పెళ్ళి భోజనానికి కూడా పోలేదు. మా గృహప్రవేశానికి వచ్చి, వీధిలోనే నిలబడి అక్షింతలు లోపలికి విసిరి, పప్పూ అన్నం ఆకులో కట్టించుకుని బస్సెక్కింది.

"వాకిలి ఎట్ల మారుస్తారక్కా? మూడు పక్కలా పరాయి గోడలే," అన్నాడు నా మొగుడు.

"అయితే నేను ఈడనే ఉంటా. పడితే పడితి."

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఈసారి పడితే నూలిచ్చే ఆయప్ప ఆ రోజు రాకపోతే?" అని ఒక్కసారి అన్నాడు. జవాబు ఇద్దరికీ తెలుసు.

ఆయనకు ఒక స్నేహితుడు ఉన్నాడు, రంగుల మేస్త్రీ. ఉత్త సున్నం కొట్టే రకం కాదు. సిమెంటు స్తంభాన్ని పాలరాయి చేస్తాడు, ఇనుప తలుపును టేకు చేస్తాడు. దాన్ని కనికట్టు పని అంటాడు. గుడి గోపురం మీది బొమ్మలకు రంగులు ఆయనే వేస్తాడు, తాను పోయే చర్చిలో ప్రార్థన బల్ల వెనక ఆకాశమూ ఆయనే వేశాడు. నా మొగుడు తన బాధ చెప్పుకుంటే ఆయన మా ఇంటికి వచ్చి, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, ఇల్లంతా ఒకసారి చూశాడు.

"గోడ పగలకుండా ఉత్తరానికి వాకిలి పెడితే మీ అక్కకు సాలునా?"

"ఎట్ల పెడతావప్పా?"

"ఏసి పెడతా. బొమ్మ."

నాకు నవ్వు వచ్చింది. నా మొగుడికి రాలేదు. వెంటనే ఫోను తీసి, స్పీకరు పెట్టి అక్కకు చేశాడు. దాచకుండా చెప్పాడు, ఇది బొమ్మ వాకిలి, తెరుచుకోదు, వెనక గోడే ఉంటుంది అని. అటు నుంచి మగ్గం చప్పుడు వినపడింది, వాచిన చేత్తోనే నేస్తోంది. వదిన అంది:

"ఒరే, గోడకున్న దేవుని పటం బొమ్మేనా కాదా?"

"బొమ్మేనక్కా."

"దండం పెడితే ముడుతుందా లేదా?"

"ముడుతుంది."

"అయితే వాకిలి బొమ్మైతే ఏం? ఏపిచ్చు."

మేస్త్రీ నా వైపు చూసి, "ఈమె మాటకు మా పాస్టరయ్య గూడా జవాబు సెప్పలేడక్కా," అన్నాడు.

అయితే మాసిన గోడ మీద కొత్త వాకిలి వేయనని పట్టుబట్టాడు. అది ముసలాయనకు పండ్లు కట్టించినట్టు ఉంటుందట, ముందు ఇంటిని దారికి తేవాలట.

"ఇది ఇల్లా, రైలు పెట్టెనా? ఆ చివరి గోడను ముందుకు తెస్తా. పక్క గోడలను అటూ ఇటూ జరుపుతా. మిద్దెను పైకి లేపుతా."

నా మొగుడు భయపడ్డాడు. "మిల్లోళ్ళు ఊరుకోరప్పా."

"రంగుతో జరుపుతానప్పా!"

"రంగుతో జరిపినా అది వాళ్ళ గోడే గదా."

మేస్త్రీ మాట నిజమే. పక్క గోడలకు లప్పం పెట్టి పలచటి పాల రంగు వేస్తే అవి నిజంగానే దూరం జరిగినట్టు అయ్యాయి. ఉత్తరపు గోడకు ఎర్రమట్టి రంగు వేస్తే అది ముందుకు వచ్చింది. మరుసటి రోజు నేను నీళ్ళ బిందె తెచ్చి గోడకు ఆనించి వదిలాను. గోడ ఇంకా జానెడు దూరంలో ఉంది. నీళ్ళన్నీ నేలపాలు.

మిద్దెకు లేత నీలం వేశాడు. అది ఎంత ఎత్తుకు పోయిందంటే, ఇన్నేళ్ళుగా మెడ వంచి నడిచిన మనిషి ఆ సాయంత్రం నిటారుగా, మిల్లు యజమానిలా ఇంట్లోకి వచ్చి, దూలానికి నుదురు కొట్టుకుని కింద కూర్చున్నాడు.

"సూసినావా! పనితనం అంటే అది. కండ్లు నమ్మినాయి," అన్నాడు మేస్త్రీ, పట్టరాని సంతోషంతో.

"కండ్లు నమ్మినాయి సరే. బుర్రకు ఎవురూ సెప్పల్యా," అన్నాడు నా మొగుడు నుదురు పట్టుకుని.

మళ్ళీ కొట్టుకోకుండా మేస్త్రీ ఆ దూలానికి లారీల వెనక వేసినట్టు ఎర్రటి, పసుప్పచ్చటి చారలు వేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆకాశం ఉంది, ఆకాశానికి అడ్డంగా లారీ ఉంది.

ఇక వాకిలి మొదలుపెట్టాడు. ముందు పసుపు మట్టి రంగు పూత, అది ఆరాక పలచటి గోధుమ రంగు. ఆ పచ్చి రంగు మీద దువ్వెనతో పైనుంచి కిందికి గీస్తే టేకు చెక్క గీతలు వచ్చాయి. దువ్వెన నాదే. అడక్కుండా తీసుకున్నాడు. బొటనవేలు అద్ది తిప్పితే కొమ్మ నరికిన చోట ఉండే కన్నులు కూడా వచ్చాయి. ఎండాక నేను తట్టి చూశాను. చెక్క చప్పుడు రాలేదని నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

తలుపు దగ్గర పని ఆగింది. తెరిచినట్టు వేయాలా, మూసినట్టు వేయాలా? మళ్ళీ ఎమ్మిగనూరుకు ఫోను.

"మూస్తే ఎట్ల? లక్ష్మి వచ్చి తలుపు కొడతా నిలబడాల్నా?" అంది వదిన.

"అయితే బార్లా తెరిచినట్టు ఏపిస్తా."

"బార్లా తెరిస్తే కుక్కలు దూరవా?"

దాంతో ఓరగా తెరిచినట్టు వేశాడు. సందులోంచి ఏదో ఒకటి కనపడాలి కదా. కాస్త పెరడు, వేపకొమ్మ నీడ, పొద్దుటి ఎండ వేశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చేతిలో ఎర్ర రంగు మిగిలిందని ఒక కోడిపెట్టను కూడా వేశాడు. అది గడప దాకా వచ్చి తల లోపలికి పెట్టి చూస్తున్నట్టు ఉంటుంది. నా మొగుడు అన్నం తింటూ దాన్ని రెండుసార్లు "హుష్" అన్నాడు. ఎవరూ చూడలేదు అనుకున్నాడు.

అంతా అయింది, ఇక వచ్చేయమని ఫోను చేశాం. ఆమె మంచి రోజు చూసుకుంటూ, మాటల మధ్యలో అడిగింది:

"ఇప్పుడు ఇంట్లో వాకిండ్లు ఎన్ని?"

నేను లెక్కపెట్టాను. వీధి వాకిలి, వంటింటి వాకిలి, ఈ బొమ్మ వాకిలి. "మూడు వదినా."

"మూడా! ఇంటికి వాకిండ్లు సరి సంఖ్యలో ఉండాలని తెలీదా మీకు? రెండుండాల, నాలుగుండాల. బేసి ఉంటే ఎవురో ఒకరు తగ్గుతారు."

ఆ మాట మాకూ తెలిసిందే. మా వైపు ఇల్లు కట్టే ప్రతివాళ్ళూ తలుపులు, కిటికీలు లెక్కపెట్టుకునే కడతారు. కానీ గోడ మీది రంగు ఆ లెక్కలోకి వస్తుందని మాకు తట్టలేదు. "బొమ్మను లెక్కేయాల్నా?" అని గొణిగాను.

"నేను దాంట్లో నుంచి ఇంట్లోకి రావాల అంటావ్, లెక్కకు మాత్రం రాదంటావ్. అదెట్ల?"

నిజమే. ఇంకొక బొమ్మ వాకిలి వేస్తానని మేస్త్రీ కుంచె తీశాడు. పక్కవాళ్ళ గోడకు వాకిలి వేస్తే వాళ్ళు కొట్లాటకు వస్తారని నేను ఒప్పుకోలేదు. ఇక మిగిలిన దారి ఒకటే. నా మొగుడు వంటింటి తలుపును కీళ్ళ నుంచి ఊడదీసి, మిద్దె మీదికి ఎక్కించాడు. తలుపు లేకపోతే అది వాకిలి కాదు, ఉత్త సందు అని వదిన ఫోనులో తీర్పు చెప్పింది. గోడ మీద లేని తలుపు కోసం ఇంట్లో ఉన్న తలుపు పీకేశాం. ఆ రాత్రే పిల్లి వచ్చి పాలు తాగి పోయింది. కోడిపెట్ట జోలికి పోలేదు.

తర్వాతి చిక్కు మిల్లు నుంచి వచ్చింది. మా వీధి వాకిలి తెరిచి ఉంటే, పోయేవాళ్ళకు ఇంటి చివర ఎండ పడుతున్న పెరడు కనిపిస్తుంది. మిల్లు కాపలాదారు సైకిలు మీద పోతూ అది చూశాడు. గోడ అవతల ఉండాల్సింది పత్తి కుక్కిన బోరాల షెడ్డు. పోయి చెప్పాడు. కాసేపటికి సూపర్‌వైజరు వచ్చాడు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, దూలం కింద వంగి, వాకిలికి పది అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"మా గోడకు వాకిలి పెట్టినారంట?"

"పెట్టినాం సార్," అన్నాడు నా మొగుడు. ఆయనకు అబద్ధం రాదు.

"యాడికి తెరుసుకుంటాది?"

"యాడికీ తెరుసుకోదు సార్."

"తెరిసే ఉంది గదా! కోడి కూడా మీదేనా?"

దగ్గరికి పోయి తాకమన్నాం. తాకాడు. అరచేతితో తుడిచి చూశాడు. అయినా నమ్మలేక బయటికి పోయి, మిల్లులోకి తిరిగి వెళ్ళి, షెడ్డు వైపు నుంచి గోడ చూసుకున్నాడు. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ మా ఇంటికి వచ్చాడు. ఇక్కడ వాకిలి ఉంది. మళ్ళీ పోయాడు. ఈసారి వచ్చేటప్పటికి చెమట పట్టి, కోపం కూడా వచ్చింది.

"బొమ్మైనా సరే, వాకిలి వాకిలే. రేపు మీ వాళ్ళెవరో లేసి, ఈడ ముందు నుంచి వాకిలి ఉండాది, మాకు దావ ఇడవండి అంటారు. నేను ఉద్యోగం పోగొట్టుకోవాల్నా? చెరిపేయండి. లేకుంటే మూసి తాళమెయ్యండి."

మూస్తే మా వదిన రాదు. మూయకపోతే ఈయన పోడు. నా మొగుడు గోడకు ఆనుకోబోయాడు, గోడ ఇంకా దూరంగా ఉండటంతో తూలాడు. అప్పుడు మేస్త్రీ ముందుకు వచ్చాడు.

"తాళం నేనేస్తా సార్. తలుపు రెక్క ఇట్లనే ఉంటాది. గొళ్ళేనికి తాళం ఉంటాది. తాళంచెవి మీ పక్క పెడతా. మీరు లేకుండా ఎవురు తెరుస్తారు?"

సూపర్‌వైజరు ఆలోచించాడు. ఆయన నిజంగానే ఆలోచించాడు, నేను చూశాను. "తాళంచెవి మా పక్కనే ఉండాల," అన్నాడు.

మేస్త్రీ మా వైపు ఇత్తడి తాళం వేశాడు. తర్వాత డబ్బాలు పట్టుకుని మిల్లులోకి పోయి, షెడ్డు గోడకు ఒక మేకు, ఆ మేకుకు వేలాడుతున్న తాళంచెవి వేసి వచ్చాడు. అది మనిషికి అందనంత ఎత్తులో ఉండాలని సూపర్‌వైజరు దగ్గరుండి చెప్పి వేయించాడట.

ఆ తర్వాత వారానికి వదిన వచ్చింది. ముందు రోజే నా మొగుడు ఆమె సామాను తెచ్చాడు. మగ్గం అచ్చులు, నూలు కండెలు, వంట బోకులు, బట్టల మూటలు అన్నీ వీధి వాకిలిలోంచే లోపలికి చేర్చాడు. ఆమె ఆదోని బస్టాండులో దిగి, ఆటోలో మా వీధికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఇంటి ముందు ఆటో ఆగింది. చేతికర్ర ఊతంతో ఒక కాలు కిందికి పెట్టి మా వీధి వాకిలి చూసి, ఆ కాలు మళ్ళీ లోపలికి తీసుకుంది.

"ఉత్తరం వాకిలి యాడ?"

"లోపల వదినా. ఆ చివర్న," అని చూపించాను.

"ఆడికి ఎట్ల పోవాల?"

నా మొగుడు మేస్త్రీని చూశాడు. మేస్త్రీ చెవి మీది బీడీ తడుముకున్నాడు. నెల రోజులుగా గోడలు జరిపాం, మిద్దె లేపాం, తలుపు పీకాం, తాళం వేశాం. ఉత్తరం వాకిలి దగ్గరికి పోవాలంటే దక్షిణం వాకిలి దాటాలన్నది మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఫోనులో అన్ని లెక్కలు అడిగిన ఆమెకూ తట్టలేదు.

"వెనక మిల్లు పక్క నుంచి తోల్దునా?" అన్నాడు ఆటో అతను.

"ఆ పక్క వాకిలి లేదప్పా," అన్నాడు నా మొగుడు.

"ఉండాదంటిరి గదా?"

"ఈ పక్క ఉండాది. ఆ పక్క తాళంచెవి ఉండాది."

ఆటో అతను ఇంజను ఆపేశాడు.

వదిన చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. కోపం లేదు ఆమె ముఖంలో. భయం ఉంది. ఆ వయసు మనిషి ముఖంలో అంత చిన్నపిల్ల భయం నేను అంతకు ముందు చూడలేదు. "నాకేం గాదులేరా. ఒక ఇంట్లో మా ఆయన పోయినాడు. ఇప్పుడు ఈడ అడుగు పెట్టి నీకేమైనా అయితే? బస్సెక్కియ్యి నన్ను," అంది తమ్ముడితో.

అన్నాళ్ళూ ఆమె తన ప్రాణానికి భయపడుతోంది అనుకున్నాను. నా మొగుడు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. ఎంతెంత బోరాలైనా ఎత్తే మనిషి, చేతులు ఊరికే ఉన్నాయి. సామానంతా లోపల, మనిషి బయట. అది చూసి నాకు ఆ మాట నోటికి వచ్చింది.

"వదినా, నిన్న నీ మూటలన్నీ ఈ వాకిలి నుంచే పోయినాయి. వద్దని అనకపోతివే?"

"మూటలకు దిక్కేంటిదే?"

"అయితే నువ్వూ మూటవే అనుకో."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నన్నూ, వాకిలినీ, తమ్ముణ్ణీ చూసింది. తర్వాత కొంగు తీసి తల మీదుగా ముఖం నిండా కప్పుకుని, చేతులు కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"ఎత్తుకోరా," అంది కొంగు లోపలి నుంచి. "నేను కాలు కింద పెట్టను. మాట్లాడను. మూట మాట్లాడదు."

నా మొగుడు తలకు తువ్వాలు చుట్టాడు. యార్డులో బోరా ఎత్తేటప్పుడు ఎట్లా వీపు ఇస్తాడో అట్లా ఆటో వైపు వీపు పెట్టి వంగాడు. మేస్త్రీ, ఆటో అతను ఆమెను జరిపి వీపు మీదికి చేర్చారు. "జరగండి, జరగండి," అంటూ నడిచాడు. యార్డులో జనాన్ని తప్పించే అరుపు అది, అలవాటు కొద్దీ వచ్చింది. బరువుకు వంగి ఉన్నాడు కాబట్టి దూలం తగల్లేదు. నేను ముందు పోతూ దారిలో ఉన్న చెంబు తీసేశాను.

"మెల్లగరా, నడుము పట్టేస్తాంది," అంది మూట.

ఉత్తరపు గోడ దగ్గర ఆమెను దించి, వీపు వాకిలి వైపు ఉండేట్టు నిలబెట్టాం. నేను కొంగు తీశాను. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునే ఉంది.

"వాకిలి నా ఎనక ఉందా?"

"ఉంది వదినా."

"గడప?"

"నీ మడమల కాడ ఉంది."

కుడి కాలు ఎత్తి ముందుకు వేసింది. కళ్ళు తెరిచింది. పొడుగాటి మా ఇల్లు, పాల రంగు గోడలు, నీలం మిద్దె, లారీ చారల దూలం, చివర వీధిలో ఆటో, అన్నీ చూసింది. ఆమె ఇంట్లోకి వచ్చింది. నా మొగుడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అటు తిరిగాడు.

"బాగుంది. గడపకు పసుపేది?" అంది వదిన.

మేస్త్రీ పసుపు రంగు డబ్బా తీయబోయాడు. ఆమె కర్రతో ఆపింది. నన్ను నిజం పసుపు తెమ్మని, గోడ మీది గడపకు తన చేత్తోనే రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. అప్పుడు కోడిపెట్టను చూసింది. "ఇది గుడ్లు పెట్టేదేనా?" అని మేస్త్రీని అడిగింది. "రంగు మిగిలితే పెడతాదమ్మా," అన్నాడు ఆయన.

ఆ రాత్రి ఆమె మంచం మీద, మేము కింద పడుకున్నాం.

తెల్లవారి లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. వీధి వాకిలి తెరిచి ఉంది. బస్టాండుకు పోయింది అనుకున్నాను. బయటికి పరుగెత్తాను. వదిన వీధిలో నిలబడి పాలామెతో, పాలల్లో నీళ్ళు కలిశాయని వాదిస్తోంది.

"వదినా! దక్షిణం వాకిలి నుంచి ఎట్ల వచ్చినావ్?"

"నడిసి వచ్చినా. పొయ్యేదానికి దిక్కేంటిదే, వచ్చేదానికే గదా దిక్కు," అని, పాలచెంబు నా చేతికి ఇచ్చింది. "తమ్ముణ్ణి పిలువు. లోపలికి పోవాల."

నా మొగుడు అప్పటికే యార్డుకు పోయాడు. ఆమె వీధి మధ్యలోనే కొంగు తల మీదుగా కప్పుకుని, కళ్ళు మూసుకుని, ముడుచుకుని నిలబడింది. పాలామె చూస్తూ ఉంది. నేను పాలచెంబు పాలామె చేతికి ఇచ్చి, కొంగు నడుముకు బిగించి, వంగి వీపు ఇచ్చాను.